జబ్బు పేరు తర్వాత, ముందు ఊపిరి

అందరికీ నమస్కారం. వెనక నిలబడ్డవాళ్లు కూడా ముందుకొచ్చి కూర్చోండి. కాసేపట్లో బొమ్మల మీద చేసి చూపిస్తాం, అంత దూరం నుంచి చేతుల వాటం కనబడదు.

కళ్లముందు ఎవరైనా కుప్పకూలితే చుట్టూ చేరినవాళ్లు మొదట అడిగేది "ఏమైంది?" అని. షుగర్ పడిపోయిందా, బీపీనా, ఫిట్సా, గుండెపోటా? నలుగురూ నాలుగు మాటలంటారు. ఆ వాదన తేలేలోపు రెండు మూడు నిమిషాలు పోతాయి. ఇవాళ నేను చెప్పడానికి వచ్చింది ఒకటే: ఏమైందో కనిపెట్టడం మీ పని కాదు. అది ఆస్పత్రి పని, వాళ్లకైనా ఈసీజీ, స్కాన్, రక్తపరీక్ష లేకుండా చాలాసార్లు తేలదు. మీరు చూసుకోవాల్సినవి మూడే. పిలిస్తే పలుకుతున్నారా? ఊపిరి మామూలుగా తీస్తున్నారా? రక్తం ధారగా పోతోందా? ఈ మూడూ తేల్చుకోవడానికి ఇరవై సెకన్లు చాలు. ఆ తర్వాత చెయ్యాల్సిన పనికి జబ్బు పేరుతో నిమిత్తం లేదు.

ఎందుకంటే, జబ్బులు వేలున్నా నిమిషాల్లో ప్రాణం తీసే దారులు కొన్నే. గాలి లోపలికి వెళ్లాలి, ఆ గాలిని మోసే రక్తం ఒంట్లో ఉండాలి, ఆ రక్తం తిరుగుతుండాలి. ఇందులో ఏది ఆగినా ముందు దెబ్బతినేది మెదడు. దానికి నిల్వ అంటూ లేదు. రక్తం అందడం ఆగిన పది ఇరవై సెకన్లలో స్పృహ పోతుంది. నాలుగైదు నిమిషాలు దాటితే కణాలు చచ్చిపోవడం మొదలవుతుంది. అంబులెన్స్ ఎంత జోరుగా వచ్చినా ఆ నాలుగైదు నిమిషాల్లో మీ ముందుండటం అరుదు. ఆ ఖాళీని నింపగలిగేది పక్కనున్న మనిషే.

దగ్గరికి వెళ్లేముందు ఒక్క క్షణం చుట్టూ చూడండి. కరెంటు తీగ తగిలి పడిపోయి ఉంటే ముందు మెయిన్ ఆపాలి. ఆపకుండా ముట్టుకుంటే ఇద్దరు పడిపోతారు. మూసి ఉన్న ట్యాంకులో, గోతిలో ఒకరు దిగి పడిపోతే వెంటనే ఇంకొకరు దిగకూడదు. అక్కడ ఆక్సిజన్ లేకపోవచ్చు, విషవాయువు ఉండొచ్చు. కాపాడబోయి ఒకరి వెనక ఒకరు దిగి, అందరూ చనిపోయిన ఘటనలు ఎన్నో. రోడ్డు మీదైతే ముందు వచ్చే బళ్లను ఆపించండి.

సరే, దగ్గరికి వెళ్లారు. రెండు భుజాలూ గట్టిగా తట్టి పెద్దగా పిలవండి. పలకలేదు, కళ్లు తెరవలేదు. వెల్లకిలా పడుకోబెట్టండి. నుదుటి మీద ఒక అరచెయ్యి, గడ్డం ఎముక కింద రెండు వేళ్లు పెట్టి తల వెనక్కి వంచి గడ్డం పైకి లేపండి. స్పృహ లేనప్పుడు నాలుక కండరం వదులై వెనక్కి జారి గొంతును మూసేస్తుంది. గడ్డం లేపితే దవడతోపాటు నాలుక కూడా ముందుకొస్తుంది. తల కింద దిండు పెడితే జరిగేది దీనికి సరిగ్గా వ్యతిరేకం, మెడ ముందుకు వంగి దారి ఇంకా మూసుకుపోతుంది. ఆ దిండు తీసెయ్యండి.

ఇప్పుడు ఛాతీ వంక చూడండి, ముక్కు దగ్గర చెవి పెట్టి వినండి. పది సెకన్లకు మించి వద్దు. నాడి కోసం వెతక్కండి. కంగారులో మన వేళ్లలో కొట్టుకునే నాడే మనకు తగులుతుంది. శిక్షణ ఉన్నవాళ్లు కూడా ఇక్కడ పొరబడతారు. అందుకే మామూలు జనానికి నేర్పేటప్పుడు నాడి చూడటం అనే మెట్టును తీసేశారు.

ఇక్కడ కాస్త ఆగుతాను, ఎక్కువ ప్రాణాలు పోయేది ఈ చోటే కాబట్టి. గుండె ఆగిన మొదటి నిమిషాల్లో చాలామంది నోరు తెరిచి, ఉండుండి ఒక ఊపిరి పీల్చినట్టు చేస్తారు. నీళ్లలోంచి బయటపడ్డ చేప నోరు తెరుస్తుంది చూశారా, అలా. గురక లాగా ఉండొచ్చు, మూలుగు లాగా ఉండొచ్చు, ఒక ఊపిరికీ ఇంకో ఊపిరికీ మధ్య చాలా ఎడం ఉండొచ్చు. చూసినవాళ్లు "హమ్మయ్య, ఊపిరి ఉంది" అనుకుని ఆగిపోతారు. అది ఊపిరి కాదు. మెదడు కింది భాగం ఆక్సిజన్ అందక చేసే ఆఖరి ప్రయత్నం. దాంతో గాలి సరిగ్గా లోపలికి పోదు. ఇంకొకటి, గుండె ఆగిన క్షణాన కొందరికి చేతులూ కాళ్లూ కొన్ని సెకన్లు కొట్టుకుంటాయి. దాన్ని ఫిట్స్ అనుకుంటారు. అందుకని నియమం ఇది: పలకడం లేదు, ఊపిరి మామూలుగా లేదు అంటే గుండె ఆగిందనే లెక్క. సందేహం వచ్చినా అదే లెక్క.

వెంటనే అంబులెన్స్‌కి ఫోన్ చేసి స్పీకర్‌లో పెట్టి నేల మీద ఉంచండి. చేతులు ఖాళీగా ఉండాలి. అవతలివాళ్లు చాలాచోట్ల ఏం చెయ్యాలో చెబుతూ ఉంటారు. పక్కన జనం ఉంటే "ఎవరైనా ఫోన్ చెయ్యండి" అనకండి, ఎవరూ చెయ్యరు. ఒక మనిషిని చూపించి "నీలం చొక్కా మీరు, అంబులెన్స్‌కి ఫోన్ చేసి నాకు చెప్పండి. అమ్మా మీరు, ఏఈడీ ఎక్కడుందో చూసి తెండి" అని పని అప్పగించండి. ఏఈడీ అంటే లయ తప్పిన గుండెకు షాక్ ఇచ్చే చిన్న యంత్రం.

ఇక ఛాతీ నొక్కడం, సీపీఆర్ అంటారు చూశారా, అదే. మంచం మీద ఉంటే నేల మీదికి దించండి. పరుపు మీద నొక్కితే కిందికి పోయేది పరుపే. ఛాతీ మధ్య ఎముక కింది సగం మీద ఒక అరచేతి మడమ భాగం, అంటే మణికట్టు దగ్గరి గట్టి భాగం పెట్టండి, దాని మీద రెండో చెయ్యి, వేళ్లు పెనవేసి పైకి ఎత్తి పట్టుకోండి. వేళ్లు పక్కటెముకల మీద ఆనకూడదు. మోచేతులు వంచకూడదు. మీ భుజాలు సరిగ్గా మీ అరచేతుల పైన ఉండాలి. చేతి బలంతో నొక్కితే నిమిషంలో అలిసిపోతారు, నడుము పైనుంచి ఒంటి బరువు దించాలి. లోతు కనీసం 5 సెంటీమీటర్లు, 6 దాటొద్దు. వేగం నిమిషానికి 100 నుంచి 120. అంటే సెకనుకు రెండు కన్నా కొంచెం తక్కువ.

మూడు తప్పులు అందరూ చేస్తారు. మొదటిది, భయపడి పైపైన నొక్కడం. 5 సెంటీమీటర్లంటే మీరు అనుకునేదానికన్నా చాలా ఎక్కువ, బొమ్మ మీద నొక్కినప్పుడు తెలుస్తుంది. రెండోది, కంగారులో 140, 150 వేగంతో కొట్టడం. వేగం పెరిగితే లోతు తగ్గిపోతుంది. మూడోది ఎవరికీ కనబడదు: నొక్కిన తర్వాత బరువు పూర్తిగా వదలకుండా ఛాతీ మీద ఆనుకుని ఉండటం. నొక్కినప్పుడు గుండెలోంచి రక్తం బయటికి పోతుంది, వదిలినప్పుడు గుండెలోకి వస్తుంది. వదలకపోతే గుండె నిండదు, తర్వాతి నొక్కుకు పంపడానికి లోపల ఏమీ ఉండదు. అరచెయ్యి ఛాతీకి తాకుతూనే ఉండాలి, బరువు మాత్రం మొత్తం తీసెయ్యాలి.

ఇంకొక సంగతి. గుండె కండరానికి రక్తాన్నిచ్చే ధమనుల్లో ఒత్తిడి మొదటి నొక్కుతోనే రాదు. వరుసగా నొక్కుతూ పోతే మెల్లమెల్లగా పెరుగుతుంది. ఆపిన క్షణాన దభాలున పడిపోతుంది. మళ్లీ మొదలుపెడితే మళ్లీ కింది నుంచే ఎక్కాలి. ఆపిన ప్రతిసారీ కష్టపడి ఎక్కిన మెట్లన్నీ దిగిపోతున్నారన్నమాట. "కదిలాడేమో చూద్దాం" అని అరనిమిషానికోసారి ఆపేవాళ్లు ఈ లెక్క గుర్తుపెట్టుకోవాలి. ఏ కారణంతో ఆపినా పది సెకన్లు దాటకూడదు. ఇద్దరుంటే రెండు నిమిషాలకోసారి చేతులు మారండి. మీకు అలుపు తెలియకముందే లోతు తగ్గుతుంది.

పక్కటెముకలు విరగొచ్చు. పెద్దవయసు వాళ్లలో తరచుగా విరుగుతాయి, చేతి కింద చప్పుడు తెలుస్తుంది. చేతులు సరైన చోట ఉన్నాయో లేదో ఒకసారి సరిచూసుకుని కొనసాగించండి. విరిగిన ఎముక అతుక్కుంటుంది.

నోటితో ఊపిరి ఇవ్వడం తెలిసినవాళ్లు 30 నొక్కులకు 2 ఊపిర్లు ఇవ్వొచ్చు. ముక్కు మూసి, నోటి చుట్టూ మీ నోరు ఆనించి, ఒక్క సెకను ఊదాలి. ఛాతీ కాస్త లేస్తే చాలు. గట్టిగా ఎక్కువసేపు ఊదితే గాలి పొట్టలోకి పోయి వాంతి వస్తుంది, ఆ వాంతి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. తెలియకపోతే, ఇష్టం లేకపోతే, మానెయ్యండి. పెద్దవాళ్లు హఠాత్తుగా కూలిపోయినప్పుడు వాళ్ల రక్తంలో కొన్ని నిమిషాలకు సరిపడా ఆక్సిజన్ అప్పటికే ఉంటుంది, దాన్ని తిప్పితే చాలు. కానీ నీళ్లలో మునిగినవాళ్లకు, పసిపిల్లలకు, గొంతులో అడ్డం పడి స్పృహ తప్పినవాళ్లకు ఈ మాట వర్తించదు. వాళ్ల గుండె ఆగింది ఆక్సిజన్ అయిపోవడం వల్లే. అక్కడ ఊపిరి తప్పనిసరి. నీళ్లలోంచి తీసినవాళ్లకు ఊపిర్లతోనే మొదలుపెట్టండి. పొట్ట నొక్కి నీళ్లు కక్కించడం వద్దు. దాంతో పొట్టలోదంతా ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పైగా సమయం పోతుంది.

ఇదంతా పాత విద్య అనుకునేరు. ఛాతీ తెరవకుండా పైనుంచి నొక్కి రక్తం తిప్పొచ్చని కౌవెన్‌హోవెన్, జూడ్, నికర్‌బాకర్ అనే ముగ్గురు జాన్స్ హాప్కిన్స్ నుంచి 1960లో ప్రకటించారు. అంతకు ముందు డాక్టర్లు ఛాతీ కోసి గుండెను చేత్తో పిసికేవారు. పెద్ద పరికరమేదీ అక్కర్లేదని, కావలసింది రెండు చేతులేనని వాళ్లు ఆ వ్యాసంలోనే రాశారు.

పిల్లల సంగతి. ఏడాది దాటిన పిల్లలకు ఒక చెయ్యి చాలొచ్చు, చాలకపోతే రెండు. లోతు ఛాతీ మందంలో మూడో వంతు, దాదాపు 5 సెంటీమీటర్లు. ఏడాది లోపు పసికందుకు దాదాపు 4 సెంటీమీటర్లు. రెండు చేతులతో ఛాతీని చుట్టిపట్టుకుని రెండు బొటనవేళ్లతో చనుమొనల గీతకు కాస్త కింద, ఎముక మీద నొక్కండి. పసిబిడ్డ తల మరీ వెనక్కి వంచకూడదు, వాళ్ల గొంతు మెత్తన, ఎక్కువ వంచినా మూసుకుపోతుంది. ఊదేటప్పుడు నోరూ ముక్కూ కలిపి మీ నోటితో కప్పాలి, బుగ్గల్లో పట్టే గాలి చాలు.

ఏఈడీ వచ్చింది. అది మాట్లాడే పెట్టె. ఆన్ చేసి అది చెప్పినట్టు చెయ్యడమే. ఒక ప్యాడ్ కుడి కాలర్ ఎముక కింద, రెండోది ఎడమ చంక కిందుగా పక్కన. ఛాతీ తడిగా ఉంటే తుడవండి. వెంట్రుకలు దట్టంగా ఉంటే ప్యాడ్ అతుక్కోదు, పెట్టెలో రేజర్ ఉంటే ఆ చోట గీసెయ్యండి. మందు పట్టీ ఏదైనా అంటించి ఉంటే పీకెయ్యండి. చర్మం కింద పేస్‌మేకర్ (గుండె లయను నడిపే చిన్న యంత్రం) ఉబ్బెత్తుగా కనబడితే దాని మీద కాకుండా కాస్త పక్కకు అంటించండి. ప్యాడ్లు అతికిస్తున్నంతసేపూ రెండో మనిషి నొక్కుతూనే ఉండాలి. యంత్రం పరీక్షిస్తున్నానన్నప్పుడు మాత్రం అందరూ చేతులు తియ్యాలి. షాక్ ఇచ్చాక "ఏమైంది" అని చూస్తూ కూర్చోకండి, వెంటనే నొక్కడం మొదలుపెట్టండి. షాక్ తర్వాత గుండె లయ దొరికినా పుంజుకోవడానికి సమయం పడుతుంది. షాక్ అక్కర్లేదని యంత్రం అన్నా, గుండె బాగుందని అర్థం కాదు. షాక్‌కు లొంగే లయ లేదని మాత్రమే అర్థం. మామూలుగా ఊపిరి తీస్తుంటే తప్ప నొక్కుతూనే ఉండాలి. గుండెకు లయ తప్పిన కేసుల్లో, సీపీఆర్ లేకుండా గడిచే ఒక్కో నిమిషానికీ బతికే అవకాశం 7 నుంచి 10 శాతం తగ్గుతుంది. నొక్కుతూ ఉంటే ఆ తరుగుదల నెమ్మదిస్తుంది.

(సభలోంచి ప్రశ్న: గుండె కొట్టుకుంటున్న మనిషికి పొరపాటున నొక్కితే ప్రమాదం కాదా?)

మంచి ప్రశ్న, ప్రతిచోటా వస్తుంది. గుండె కొట్టుకుంటున్న మనిషి ఛాతీ అంత గట్టిగా నొక్కితే నొప్పికి మూలుగుతాడు, చెయ్యి అడ్డం పెడతాడు. అప్పుడు ఆపెయ్యండి. ఛాతీ నొప్పి మిగలొచ్చు, అరుదుగా ఒక పక్కటెముక విరగొచ్చు. గుండె ఆగిన మనిషికి నొక్కకపోతే ప్రాణం మిగలదు. రెండు పొరపాట్లూ ఒక తక్కెట్లో తూగవు.

ఇంకో పరిస్థితి: పలకడం లేదు, కానీ ఊపిరి మామూలుగానే ఉంది. ఇక్కడ చంపేది వాంతి, లేదా నాలుక. అందుకే పక్కకు తిప్పాలి. మీ వైపు చెయ్యిని అడ్డంగా చాపండి. అవతలి చేతిని ఛాతీ మీదుగా తెచ్చి, దాని వెనక భాగం మీ వైపు చెంపకు తగిలేట్టు పెట్టి అక్కడే పట్టుకోండి. అవతలి మోకాలు పైకి మడిచి, ఆ మోకాలిని పట్టుకుని మీ వైపు లాగండి, మనిషి మొత్తం తిరుగుతారు. తల కాస్త వెనక్కి, నోరు నేల వైపు. నిండు గర్భిణినైతే ఎడమ పక్కకు. ఎత్తు నుంచి పడ్డవాళ్లను, బండి గుద్దినవాళ్లను అనవసరంగా కదపకండి. మెడ విరిగి ఉండొచ్చు. కానీ వాంతి చేసుకుంటుంటే, ఊపిరి అడ్డుపడుతుంటే మెడ కోసం ఊపిరిని వదులుకోకూడదు. తలా ఒళ్లూ ఒకే దుంగలా ఉండేట్టు అందరూ కలిసి తిప్పండి. తిప్పాక ప్రతి నిమిషం ఊపిరి చూస్తూ ఉండాలి.

పూర్తి స్పృహలో లేనివాళ్ల నోట్లో నీళ్లు పొయ్యకండి. ఈ మాట నేను ఎన్నిసార్లు చెప్పినా సరిపోదు. మింగడం, దగ్గడం స్పృహ ఉన్నప్పుడే సరిగ్గా జరుగుతాయి. అవి లేనప్పుడు పోసినవన్నీ ఊపిరితిత్తులకే. మొహం మీద నీళ్లు చల్లడం వల్ల హాని లేదు గానీ, దానితో పోయే సమయమే హాని.

ఇప్పుడు గొంతులో అడ్డం పడటం. పొలమారడం వేరు, ఇది వేరు. పొలమారినవాళ్లు దగ్గగలరు, దగ్గితే శబ్దం వస్తుంది, మాట వస్తుంది. దగ్గనివ్వండి, వాళ్ల దగ్గుకన్నా బలమైన పరికరం మీ దగ్గర లేదు. శబ్దం ఆగిపోయిందా, మాట రావడం లేదా, రెండు చేతులూ గొంతు మీద పెట్టుకుని కళ్లు పెద్దవి చేస్తున్నారా, అది అసలు ప్రమాదం. నిశ్శబ్దమే గుర్తు.

పక్కగా కాస్త వెనకగా నిలబడి, ఒక చెయ్యి ఛాతీకి ఆసరా ఇచ్చి, మనిషిని ముందుకు బాగా వంచండి. నిటారుగా ఉండగా కొడితే ఊడిన ముక్క ఇంకా కిందికి జారుతుంది. రెండు భుజాల ఎముకల మధ్య అరచేతి మడమతో 5 గట్టి దెబ్బలు, ఒక్కో దెబ్బకూ బయటికొచ్చిందా చూస్తూ. రాకపోతే వెనక నిలబడి, బొడ్డుకు పైన, ఛాతీ ఎముక చివరకు కింద పిడికిలి పెట్టి, రెండో చేత్తో దాన్ని పట్టుకుని లోపలికీ పైకీ ఒక్క కుదుపుతో 5 సార్లు లాగండి. 1974లో హెన్రీ హైమ్లిక్ వివరించిన పద్ధతి ఇది. ఊపిరితిత్తుల్లో మిగిలిన గాలే కింది నుంచి ముక్కను తోస్తుంది. 5 దెబ్బలు, 5 కుదుపులు, ఇలా మార్చి మార్చి. గర్భిణులకు, చేతులు చుట్టూ అందనంత లావుగా ఉన్నవాళ్లకు పొట్ట వద్దు, ఛాతీ మధ్యన పిడికిలి పెట్టి వెనక్కి లాగండి. ఒంటరిగా ఉన్నప్పుడు మీకే జరిగితే కుర్చీ వీపు అంచు మీద పొట్ట ఆనించి ఒక్కసారిగా వాలండి.

పసికందుకు పొట్ట నొక్కకూడదు, కాలేయం పక్కటెముకల కిందికి వచ్చి ఉంటుంది, చితుకుతుంది. ముంజేతి మీద బోర్లా పడుకోబెట్టి, దవడ పట్టుకుని, తల ఒంటి కన్నా కిందికి ఉండేట్టు వీపు మీద 5 దెబ్బలు. తిప్పి వెల్లకిలా, ఛాతీ మధ్యలో ఒక అరచేతి మడమతో 5 నొక్కులు. కనబడని వస్తువు కోసం నోట్లో వేలు పెట్టి వెతకడం పెద్ద పొరపాటు, అది లోపలికి దిగబడుతుంది. కనబడితేనే తియ్యండి. స్పృహ తప్పితే నేల మీద పడుకోబెట్టి సీపీఆర్ మొదలుపెట్టండి, ఊపిరి ఇచ్చేముందు ప్రతిసారీ నోట్లో ఒక చూపు. పొట్ట నొక్కించుకున్నవాళ్లు బాగున్నామనుకున్నా ఒకసారి డాక్టరుకు చూపించుకోవాలి, లోపలి దెబ్బ వెంటనే తెలియదు.

రక్తస్రావం. పెద్దవాళ్ల ఒంట్లో ఉండేది దాదాపు 5 లీటర్లు. ముప్పావు లీటరు పోయినా పైకి పెద్దగా తేడా తెలియదు. లీటరున్నర దాటేదాకా బీపీ నిలబడే ఉండొచ్చు, రక్తనాళాలు బిగించి, గుండె వేగం పెంచి శరీరం లెక్క సర్దుతుంది. ఆ తర్వాత ఒక్కసారిగా జారిపోతుంది. అందుకే "మాట్లాడుతున్నాడు కదా" అన్న ధైర్యం మోసం చేస్తుంది. చర్మం తెల్లబడి చల్లగా చెమట పట్టడం, దాహమనడం, గాభరా, అర్థంలేని మాటలు, ఇవి చూడండి. రక్తం చిమ్ముతున్నా, నేల మీద మడుగు కడుతున్నా, గుడ్డ వెంటనే తడిసిపోతున్నా అది ప్రాణాంతకమే. తొడ పెద్ద ధమని తెగితే కొద్ది నిమిషాల్లో మనిషి పోవచ్చు.

మందు ఒకటే, ఒత్తిడి. బట్ట చించి గాయం కళ్లారా చూడండి. శుభ్రమైన గుడ్డ గాయం మీద పెట్టి రెండు చేతులతో, మోచేతులు నిటారుగా, ఒంటి బరువు వేసి నొక్కండి. పది నిమిషాలు ఆపకుండా. మధ్యలో ఎత్తి చూస్తే అప్పుడే కట్టుకుంటున్న గడ్డ ఊడిపోతుంది. గుడ్డ తడిసిందని దాని మీద గుడ్డ, ఆ మీద ఇంకో గుడ్డ పేర్చుకుంటూ పోతే ఒత్తిడి విస్తరించి పలచబడుతుంది. తడుస్తోందంటే చాలావరకు మీరు సరైన చోట నొక్కడం లేదని. అప్పుడు మాత్రం ఒక్కసారి తీసి, రక్తం ఏ బిందువు నుంచి వస్తోందో చూసి, సరిగ్గా అక్కడే మళ్లీ నొక్కండి.

గజ్జల్లో, చంకలో, భుజం మొదట్లో లోతైన గాయమైతే పైపైన నొక్కితే అందదు. గుడ్డను వేలితో గాయంలోకి, అడుగున రక్తం వచ్చే చోటికి కూర్చుకుంటూ పోవాలి. ఇక పట్టనంతవరకు కూర్చి, మీద నుంచి నొక్కి పట్టాలి. ఛాతీ, పొట్ట గాయాల్లో మాత్రం ఏమీ కూరకూడదు. గుచ్చుకున్న కత్తినో ఇనుప ముక్కనో పీకకండి, అదే బిరడాలా ఆపుతూ ఉంటుంది. దాని చుట్టూ గుడ్డలు చుట్టి కదలకుండా చెయ్యండి.

చెయ్యో కాలో అయితే, నొక్కినా ఆగకపోతే టోర్నికే, అంటే కడ్డీ తిప్పి బిగించే పట్టీ. గాయానికి 5 నుంచి 7 సెంటీమీటర్లు పైన, కీలు మీద కాకుండా. కీలు అడ్డమొస్తే కీలుకు పైన. పట్టీ బిగించి, కడ్డీని తిప్పండి, రక్తం ఆగేదాకా తిప్పండి, ఆగిన చోట కడ్డీని కదలకుండా కట్టెయ్యండి. చాలా నొప్పి ఉంటుంది. నొప్పికి జాలిపడి సగం బిగిస్తే గాయం ఇంకా పాడవుతుంది, ఎందుకో చూడండి: సిరలు పైపైన ఉంటాయి, తక్కువ ఒత్తిడికే మూసుకుంటాయి. ధమనులు లోతున ఉంటాయి. సగం బిగువులో రక్తం లోపలికి వస్తూనే ఉంటుంది, వెనక్కి పోలేదు, అంతా గాయంలోంచే బయటికి పోతుంది. ఒకటి చాలకపోతే దాని పైన ఇంకొకటి. కట్టిన సమయం నుదుటి మీదో పట్టీ మీదో రాయండి. మధ్యమధ్యలో వదలడం అనే పాత అలవాటు వద్దు. రెండు గంటల లోపు అవయవం నిలుస్తుందనే ఎక్కువ నమ్మకం. పరికరం లేకపోతే కనీసం 4 సెంటీమీటర్ల వెడల్పున్న గుడ్డ పట్టీ, ఒక గట్టి కర్ర. తాడు, తీగ వద్దు, అవి కండరాన్ని కోస్తాయి. పడ్డవాళ్లను వెచ్చగా కప్పండి. ఒళ్లు చల్లబడితే రక్తం గడ్డకట్టే గుణం తగ్గుతుంది.

మిగిలినవి గబగబా చెబుతాను. వీటిలో మనిషి స్పృహలో ఉంటాడు, మీ పని చెడగొట్టకుండా ఉండటం, ఆలస్యం చెయ్యకపోవడం.

గుండెపోటు, గుండె ఆగడం ఒకటి కాదు. పోటులో గుండె కొట్టుకుంటూనే ఉంటుంది, ఒక ధమని మూసుకుని కండరం చస్తూ ఉంటుంది. ఛాతీ మీద బరువు పెట్టినట్టు, దవడకో ఎడమ చేతికో వీపుకో పాకే నొప్పి, చెమట. ఆడవాళ్లలో, షుగర్ ఉన్నవాళ్లలో నొప్పి లేకుండా ఆయాసం, వికారం, నీరసంగానే రావొచ్చు. "గ్యాస్" అని గంటలు గడపడం ఇక్కడే. నడిపించకండి, మెట్లెక్కించకండి. వీపుకు ఆసరా ఇచ్చి మోకాళ్లు మడిచి కూర్చోబెట్టండి. ఆస్పిరిన్ పడనివాళ్లు కాకపోతే, రక్తం పోయే జబ్బు లేకపోతే 300 మిల్లీగ్రాముల ఆస్పిరిన్ నమిలించండి. మింగితే ఆలస్యంగా పని చేస్తుంది.

పక్షవాతంలో ఆస్పిరిన్ వద్దు. మెదడులో రక్తనాళం మూసుకుందో పగిలిందో స్కాన్ లేకుండా ఎవరికీ తెలియదు. నవ్వమనండి, మూతి ఒక పక్కకు జారుతుందా. రెండు చేతులూ చాపమనండి, ఒకటి కిందికి దిగుతుందా. ఒక వాక్యం చెప్పమనండి, మాట తడబడుతుందా. ఒక్కటి ఉన్నా చాలు. ఆఖరుసారి మామూలుగా ఉన్నది ఎన్ని గంటలకో రాసుకోండి. గడ్డ కరిగించే మందు ఎక్కువమందికి ఇచ్చేది ఆ సమయం నుంచి నాలుగున్నర గంటల లోపే. "నిద్ర లేచేసరికి ఇలా ఉంది" అంటే లెక్క పడుకున్న సమయం నుంచి.

ఫిట్స్‌లో నోట్లో చెంచా కాదు, వేలు కాదు, ఏదీ పెట్టకండి. పట్టి ఆపకండి. తల కింద మెత్తగా ఏదైనా పెట్టి, గడియారం చూడండి. 5 నిమిషాలు దాటినా, మధ్యలో తెలివి రాకుండా మళ్లీ వచ్చినా అంబులెన్స్. ఆగాక పక్కకు తిప్పి ఊపిరి చూడండి.

ఎలర్జీ ఉధృతమై పెదవులు ఉబ్బి, గొంతు బొంగురుపోయి, ఆయాసమో కళ్లు తిరగడమో వస్తే మందు ఎడ్రినలిన్ ఒక్కటే. సూది పెన్ను వాళ్ల దగ్గరుంటే తొడ బయటి వైపు మధ్యలో, బట్ట మీద నుంచే. 5 నిమిషాలకు తగ్గకపోతే రెండోది. దద్దుర్ల మాత్రలు ఊపిరిని కాపాడవు. పడుకోబెట్టి కాళ్లు ఎత్తులో పెట్టండి, ఆయాసం ఎక్కువుంటే కూర్చోనివ్వండి. కానీ బాగుందనుకుని ఒక్కసారిగా లేచి నడిస్తే, గుండెకు చేరే రక్తం తగ్గి అక్కడికక్కడే పడిపోవచ్చు.

షుగర్ మందు వాడేవాళ్లు చెమటలు పట్టి, వణికి, తిక్కగా మాట్లాడుతుంటే, మింగగలిగితే 15 నుంచి 20 గ్రాముల గ్లూకోజో చక్కెరో. పావుగంటకు మళ్లీ. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ వద్దు, ఇందాకటి మాటే.

ఎండదెబ్బ తగిలి ఒళ్లు కాలిపోతూ పొంతన లేకుండా మాట్లాడుతుంటే, ముందు చల్లబరచండి, తర్వాత తరలించండి. మెడ దాకా చల్లటి నీళ్లలో ఉంచడం అన్నిటికన్నా మేలు, తల పట్టుకుని ఒకరు పక్కనే ఉండాలి. కుదరకపోతే ఒళ్లంతా తడిపి గాలి విసరండి.

(సభలోంచి ప్రశ్న: సీపీఆర్ ఎప్పుడు ఆపాలి?)

మామూలుగా ఊపిరి తీసినప్పుడు, కదిలినప్పుడు. లేదా నేర్చినవాళ్లు వచ్చి "మేం చూసుకుంటాం" అన్నప్పుడు. వాళ్లు రాగానే కాదు, వాళ్ల చేతులు ఛాతీ మీద పడ్డాక. లేదా ఇక ఒక్క నొక్కు కూడా నొక్కలేనంత అలిసిపోయినప్పుడు.

సరే, ఇక మాటలు చాలు. బొమ్మలు నాలుగున్నాయి, ఇద్దరిద్దరుగా రండి. ఒకరు నొక్కితే ఇంకొకరు గడియారం చూసి లెక్కపెట్టండి. సరిగ్గా లోతు తగిలితే లోపల టిక్కుమని చప్పుడొస్తుంది. రెండు నిమిషాలు ఆపకుండా. చేతి గడియారాలు, గాజులు, ఉంగరాలు తీసి పక్కన పెట్టుకోండి. మోకాళ్లు బొమ్మకు ఆనుకోవాలి, ఇంకాస్త దగ్గరికి, ఆ, అలా.